బరువెత్తేటప్పుడు మాట్లాడాలి

సోమవారం. నీళ్లు ఆలస్యంగా వచ్చాయి.

డాక్టరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. ఏ వ్యాయామం చేశాను, ఎప్పుడు ఆయాసం వచ్చింది, కాళ్ల వాపు ఎలా ఉంది, అంతవరకే రాయాలట. అంతవరకే రాసి ఊరుకోవడం నా వల్ల కాదని ఆవిడకు ఇంకా తెలియదు.

నా పేరు శంకరమ్మ. బరువు వాడలో మెట్ల పక్క గది మాది. నేనూ మా ఆయన ఓదెలూ రాళ్ల మిల్లులో కలిశాం, అక్కడే ముసలివాళ్లమయ్యాం. ఆయన ఇంకా పనికి వెళ్తున్నాడు. నన్ను నిరుడు మాన్పించారు. మిల్లు దుమ్ముకు నా ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. వాటిలోకి రక్తం తోసీ తోసీ గుండె కుడి పక్క అలసిపోతోందని డాక్టరమ్మ బొమ్మ చూపించి చెప్పింది. ముక్కులో గొట్టం, నడుముకు గాలి డబ్బా. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టవు. రోగం సంగతి ఇంతే.

రోగం కంటే పెద్ద పీడ కూర్చోవడం. కాలుగాలిన పిల్లిలా తిరుగుదామంటే గది ఆ చివరికి వెళ్లేలోపే ఊపిరందదు. కూర్చుంటే చేతులు ఊరుకోవు. ఏరిన పప్పే మళ్లీ ఏరాను. మడిచిన బట్టలే విప్పి మళ్లీ మడిచాను.

ఇవాళ నాకు నేల పరీక్ష నోటీసు వచ్చింది. వచ్చే నెల దీపాల పండుగ ముందు హాజరు కావాలి. బరువు వాడలో ఉండాలంటే ఈ పరీక్ష గట్టెక్కాలి. ఎక్కడైనా గోడ చిల్లుపడి గాలి అంతరిక్షంలోకి పోయి సైరన్ మోగిందంటే ఎవరి మాస్కు వాళ్లు తగిలించుకుని, ఎవరి నీళ్ల క్యాను వాళ్లు ఎత్తుకుని గట్టి గదిలోకి నడవాలి. అప్పుడు ఒకరిని ఒకరు మోసుకెళ్లే వీలుండదు. అందుకని స్టూలు మీంచి లేచి, క్యాను ఎత్తి, తలుపు దాకా నడిచి చూపించాలి. నడవలేని వాళ్లను పైకి, తేలిక వాడకు పంపిస్తారు. మేముండే ఈ చక్రం తిరుగుతుంది కాబట్టే అంచున ఉన్న మాకు బరువు ఉంది. పైన ఇరుసు దగ్గర మనిషికి బరువే ఉండదు. గుండెకు సుఖం అంటారు. సుఖమే మరి. కాళ్లకు పని లేక అవి పుల్లలైపోతాయి. అక్కడి నుంచి తిరిగి దిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఓదెలు గట్టిగా ఉన్నాడు కాబట్టి ఆయన్ని నాతో పైన ఉండనివ్వరు. సెలవు రోజున వచ్చి చూసి పోవాలి.

నేను వెళ్లను. ఇది రాసి పెడుతున్నాను.

బుధవారం. మిల్లు రెండో షిఫ్టు.

డాక్టర్ ఫరీదా చిన్న పిల్ల. ఏ మాటైనా నెమ్మదిగా చెబుతుంది, నాకు అదే ఒళ్లు మంట.

"పడుకుంటే గుండెకు విశ్రాంతి అనుకోకండి శంకరమ్మా. తొడల్లో, చేతుల్లో బలముంటే అదే పనికి గుండె తక్కువ కష్టపడుతుంది. కానీ మెల్లగా చెయ్యాలి. కష్టపడే దగ్గర ఊపిరి వదలాలి. కళ్లు తిరిగినా, ఛాతీ పట్టేసినా అక్కడే ఆపెయ్యాలి" అంది.

చేయమన్నవి ఇవి. కుర్చీలోంచి లేచి నిలబడి మళ్లీ మెల్లగా కూర్చోవడం. గోడకు చేతులు ఆన్చి గోడను తోయడం. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం. రెండు చిన్న నీళ్ల సీసాలు పట్టుకుని మోచేతులు మడవడం. భుజాల పైకి ఎత్తకూడదు. ఒకటి కాగానే కూర్చుని ఊపిరి నిలకడకు వచ్చాకే రెండోది.

"గింతేనా? గీ సీసాలా? నేను రాళ్ల గంపలెత్తిన దాన్ని డాక్టరమ్మా!"

"అందుకే సీసాలిస్తున్నా" అంది నవ్వకుండా.

సాయంత్రం ఓదెలు వచ్చి వేళ్లు రెండు ఆడించి, గడ్డం ఎత్తాడు. 'ఎట్లయింది' అని. నేను అరచేయి బోర్లించాను. 'ఏముంది, పిల్లల ఆట.' మా ఇంట్లో మాటలు చేతులతోనే. మిల్లులో రాళ్ల మోతకు ఎవరి మాటా ఎవరికీ వినపడదు, దుమ్ములో ఎవరూ నోరు తెరవరు. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ప్రేమా చేతులతోనే, పోట్లాటా చేతులతోనే. మరీ కోపం వస్తే నేను దీపం ఆర్పేస్తాను. ఆ తర్వాత ఆయన ఏమన్నా నాకు సంబంధం లేదు.

శుక్రవారం. పక్కింట్లో గోడకు మాట్లేస్తున్నారు.

కుర్చీలోంచి లేచాను. సగం లేచేసరికి కళ్ల ముందు నల్లటి చుక్కలు. కూర్చున్నాను. ఆగి మళ్లీ లేచాను. మళ్లీ చుక్కలు. తొందరపడలేదు, ఒట్టు. నాకు తెలిసిన మెల్లదనమంతా పెట్టి చేశాను.

ఆదివారం. ఏమీ లేదు.

సీసాలు పెద్దవయ్యాయేమోనని డాక్టరమ్మ సగం నీళ్లు ఒంపేసింది. అయినా అదే తంతు. గుండె దడదడలాడింది, చెవుల్లో హోరు. గాలి డబ్బా మీట తిప్పి గాలి కొంచెం పెంచింది. రక్తంలో గాలి ఎంతుందో చూపే క్లిప్పు నా వేలికి పెట్టి చూసి, కనుబొమలు ముడిచింది.

"కూర్చున్నప్పుడు బాగానే ఉంది. ఇంత చిన్న బరువుకే ఇలా పడిపోకూడదే" అని తనలో తను అనుకుంది. ఇలాగే ఉంటే వ్యాయామం ఆపేయాల్సి వస్తుందని చెప్పి వెళ్లింది. ఆపేస్తే పరీక్షకు ఏం పెట్టుకుని వెళ్లను?

పప్పు లేదు, మడవడానికి బట్టల్లేవు. గొట్టం లాగుతున్నా లెక్కచేయకుండా గుమ్మం దాకా పోయాను, వచ్చాను, పోయాను.

బుధవారం. సరుకుల లిఫ్టు బాగుచేశారు.

లిఫ్టు ఎక్కి పైకి కనుకవ్వను చూడ్డానికి వెళ్లాను. మిల్లులో ఒకే గంపకు చెరో పక్క పట్టిన వాళ్లం. నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. నిరుటి పరీక్షలో స్టూలు మీంచి లేచింది, క్యాను ఎత్తింది, ఎత్తిన చోటే కూలిపోయింది. క్యాను మూత ఊడి నీళ్లు మా కాళ్ల కిందికి వచ్చాయి.

లిఫ్టు పైకి పోతున్న కొద్దీ నా ఒంట్లోంచి బరువు జారిపోయింది. పాదాల నొప్పి పోయింది, ఊపిరి కాస్త సులువైంది. అబద్ధమెందుకు, హాయిగానే ఉంది. ఆ హాయికే నాకు భయం వేసింది.

కనుకవ్వ నడుముకు పట్టీ కట్టుకుని గోడ పక్కన తేలుతోంది. నన్ను చూసి నవ్వింది. 'ఇక్కడ మంచిగుంది' అని చేయి ఊపింది. నేను ఆమె పాదాలు చూశాను. నేల తగలక అరికాళ్లు పసిపిల్లల వాటిలా మెత్తగా, గులాబీ రంగులో ఉన్నాయి. పిక్కలు నా మణికట్టంత. 'ఏమైందక్కా ఆ రోజు' అని అడిగాను. తన గొంతు పట్టుకుని వదిలి, అరచేయి తిప్పింది. 'దమ్ము చాలలే.'

కిందికి వస్తుంటే బరువంతా ఒక్కో అంతస్తులో తిరిగి మీద పడింది. ఏడుపొచ్చింది. లిఫ్టువాడు చూడకుండా గోడవైపు తిరిగాను.

శుక్రవారం. డాక్టరమ్మ ఇంటికి వచ్చింది.

"నా ముందర చెయ్యండి, చూస్తాను" అని మంచం మీద కూర్చుంది. ఓదెలు షిఫ్టు దిగి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. సీసాలు తీసుకున్నాను. మోచేతులు మడిచాను. చుక్కలు కనబడేలోగా పక్కకు చూస్తే డాక్టరమ్మ నన్ను చూడటం లేదు. ఓదెలును చూస్తోంది.

"ఓదెలు గారూ, బరువు ఆమె ఎత్తుతుంటే మీరెందుకు ఊపిరి బిగబట్టారు?"

ఓదెలు ఉలిక్కిపడ్డాడు. నిజమే. పెదవులు మూసుకుని, బుగ్గలు గట్టిగా చేసుకుని, బొమ్మలా నిలబడి ఉన్నాడు. నేనూ అలాగే ఉన్నానని అప్పుడు తెలిసింది. సీసాలు పైకి లేచింది మొదలు నా లోపల గాలి కదలలేదు.

మిల్లులో అందరికీ మొదటిరోజు నేర్పేది ఇదే. గంప ఎత్తగానే ఎర్ర దీపం వెలుగుతుంది, దమ్ము పట్టాలి. గంప తిరగబడుతుంది, దుమ్ము లేస్తుంది, అది పక్కకు పోయి పచ్చ దీపం వచ్చేదాకా పీల్చకూడదు. మాస్కు ఉన్నా సందుల్లోంచి వస్తుంది కాబట్టి అదే మా ప్రాణానికి అడ్డు. దమ్ము పట్టని వాళ్లు తొందరగా పోయారు, పట్టినవాళ్లం ఇన్నాళ్లు బతికాం. డాక్టరమ్మ ఊపిరి వదలాలి అన్నప్పుడల్లా నేను తలూపాను. వదులుతున్నాననే అనుకున్నాను. చేయి బరువు చూస్తే చాలు, ఒళ్లు తనంతట తను మూసుకుంటోంది. నాకు తెలియను కూడా తెలియదు.

"బిగబట్టి ఎత్తితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెలోకి రక్తం సరిగా రాదు. అసలే మీ గుండె కుడి పక్క అలసి ఉంది. అందుకే కళ్లు తిరుగుతున్నాయి" అని చెప్పింది. "మాట్లాడండి. ఎత్తుతున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడండి. మాట వస్తోందంటే ఊపిరి బయటికి పోతోందనే."

"ఏం మాట్లాడాలె?"

"మీ ఇష్టం."

ఎవరితో అని నేను అడగలేదు. గదిలో ఉన్నది ఓదెలే.

సోమవారం. నీళ్లు పొద్దున్నే వచ్చాయి.

చేతుల్లో సీసాలుంటే సైగ చేయడం కుదరదు. నోరు తెరవాల్సిందే. ముందు ఇంట్లో ఉన్న సామాన్ల పేర్లు చదివాను. పప్పు, ఉప్పు, సబ్బు. చుక్కలు రాలేదు! ఆనందం పట్టలేక గబగబా ఇంకోసారి ఎత్తబోతే ఓదెలు నా మోచెయ్యి పట్టుకుని కుర్చీ చూపించాడు. కూర్చున్నాను.

సామాన్లు అయిపోయాయి. ఇక ఆయన్ని తిట్టడం మొదలుపెట్టాను. తడి తువ్వాలు మంచం మీద వేస్తాడనీ, మా తమ్ముడి పెళ్లికి ముఖం ముడుచుకుని కూర్చున్నాడనీ. చేతులతో చెప్పేటప్పుడు ఇన్ని ఉన్నాయని నాకే తెలియలేదు. ఆయన వింటూ నిలబడ్డాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"నీ గొంతు గిట్లుంటదని యాదికే లేదే" అన్నాడు.

మడమలు ఎత్తుతూ వంటగట్టు వైపు చూశాను.

శనివారం. వాపు తగ్గింది.

రోజు విడిచి రోజు చేస్తున్నాను. కుర్చీలోంచి లేవడం తేలికైంది. సీసాల్లో నీళ్లు నిండా పోసుకోమంది డాక్టరమ్మ. మధ్య రోజు ఊరుకోవాలి, అదే నా ప్రాణానికి కష్టం.

ఇవాళ గోడను తోస్తూ మనసులో ఉన్నది అడిగేశాను.

"నన్ను పైకి తోలితే నువ్వు సెలవు రోజుకు ఒక్కసారి వస్తవా?"

ఓదెలు చేయి ఎత్తాడు. నేను గోడ వైపు తిరిగి ఉన్నాను కదా, నాకు కనిపించదు. చేయి దించి నోటితోనే చెప్పాడు.

"రాను. ఉండనీకే వస్త. నా పరీక్షల క్యాను ఎత్తలేనట్టు పడేస్త. నాకూ చేతగాదనుకుంటరు, పంపుతరు."

గోడ మీద నా చేతులు జారాయి. ఉక్కులాంటి మనిషి. ఆ కాళ్లు కూడా పుల్లలు కావాలా? అరికాళ్లు అలా మెత్తబడాలా?

"నోరు మూస్కో" అన్నాను.

"నువ్వు తెరువుమన్నవ్, తెరిచిన. నువ్వు లేని గదిల నేనేం జెయ్యాలె?"

దీపం ఆర్పేశాను. ఆయన చీకట్లో కూడా మాట్లాడాడు. ఇప్పుడు దీపం ఆర్పి లాభం లేదు. నువ్వు లేకపోతే నేను ఉండనని నేను కూడా చెప్పాను. చెప్పి ఏడ్చాను. ఇద్దరి కాళ్ల భారమూ ఇప్పుడు నా మీదే ఉంది.

బుధవారం. సైరన్ రిహార్సలు మోగింది.

మాస్కు తగిలించుకుని చేసి చూశాను. రబ్బరు వాసన ముక్కుకు తగలగానే ఒళ్లు మిల్లులోకి వెళ్లిపోయింది. క్యాను చెవి పట్టుకున్నాను, దమ్ము ఆగింది, మోకాళ్ల మీద పడ్డాను. ఓదెలు పట్టుకోకపోతే పళ్లు రాలేవి.

మాస్కులో మాట్లాడకూడదు. చక్రంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ మాట నేర్పుతారు. మాట్లాడితే డబ్బాలో గాలి వృథా అవుతుందని. మాట్లాడకపోతే నేను పడిపోతాను. డాక్టరమ్మకు చెబితే, వాయిదా అడుగుతానంది. అడిగింది, పరీక్ష వాళ్లు ఇవ్వలేదు. పరీక్ష ఎల్లుండే. గుమ్మం దాకా పోవడం, రావడం.

శుక్రవారం. పరీక్ష.

గదిలో స్టూలు, క్యాను, దూరంగా తలుపు. తలుపు అద్దం అవతల ఓదెలు. లోపల పరీక్ష ఆఫీసరు, డాక్టరమ్మ, పోయినసారి చూడ్డానికి వచ్చినట్టే వచ్చిన మిల్లు వాళ్లు ఇద్దరు ముగ్గురు. ముక్కు గొట్టం తీసి నాకు మాస్కు బిగించారు.

ఈల వేశారు. గోడ మీద ఎర్ర దీపం వెలిగింది.

ఎర్ర దీపం ఉంటుందని ఎవరికి గుర్తుంది! అచ్చం మిల్లులోదే. నా ఛాతీ తలుపేసుకున్నట్టు మూసుకుపోయింది. వదలాలని తెలుసు, వదలడం రావడం లేదు. లేచాను. వంగి క్యాను చెవి పట్టుకున్నాను. చుక్కలు వచ్చేశాయి. పడిపోతున్నానని తెలిసిపోయింది. ఆఖరుసారి చూద్దామని తలుపు వైపు చూశాను.

అద్దం అవతల ఓదెలు. పెదవులు మూసుకుని, బుగ్గలు బిగించి, ముఖం కందిపోయి, నాకంటే గట్టిగా దమ్ము పట్టి నిలబడ్డాడు.

ఒళ్లు మండిపోయింది. "ఊపిరి వదులు! ఓ మనిషీ, నువ్వెందుకు పట్టినవ్? నువ్వు గాని మోస్తున్నవా?" అని మాస్కులో అరిచాను. అరవగానే లోపలి గాలి బయటపడింది, కొత్త గాలి వచ్చింది. ఇక ఆపలేదు. "వదులంటున్న! క్యాను పడేస్తడంట క్యాను! నీ కాళ్లు ఇరగ్గొడ్త! నాతోని ఇంట్ల ఉంటవా, గాలిల తేల్తవా?" తిడుతూ ఎత్తాను, తిడుతూ అడుగు వేశాను. మాస్కు అద్దమంతా ఆవిరి. నాకు ఏమీ కనబడలేదు. తిట్టు ఉన్నంత వరకు నడిచాను, తలుపు చేతికి తగిలింది.

మాస్కు తీసి గొట్టం పెట్టి కూర్చోబెట్టారు. ఆయాసపడ్డాను, కానీ పడిపోలేదు.

ఆఫీసరు ముఖం చిట్లించాడు. "మాస్కుల మాట్లాడిన్రు. రూలు తప్పిన్రమ్మా. ఇది చెల్లదు."

డాక్టరమ్మ నా మాస్కు డబ్బాను, మిగిలిన గాలి చూపే ముల్లు కనబడేలా, ఆయన ముందు పెట్టింది. "ఆ రూలు గాలి వృథా కాకూడదని పెట్టిందే కదా సార్. గాలి చూడండి. బిగబట్టి ఆ తర్వాత ఎగబీల్చేవాళ్ల కంటే ఈవిడకే ఎక్కువ మిగిలింది."

ఆయన ముల్లు చూశాడు, నన్ను చూశాడు. "సరే, ఈమెను కిందనే ఉండనియ్యుండ్రి" అన్నాడు. తలుపు తీసుకుని వచ్చిన ఓదెలును కూడా చూశాడు. మా ఆయనింకా ఊపిరి తీసుకోవడానికి అవస్థ పడుతున్నాడు.

"మిల్లోళ్లు అందరూ గిట్లనే దమ్ము పడ్తరా?" అని అడిగాడు.

"అందరం" అన్నాను.

మిల్లు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కనుకవ్వ అక్కడే పడిపోవడం చూసినవాళ్లం ఆ గదిలో ఇంతమందిమి ఉన్నాం.

ఆదివారం. లిఫ్టులో చాలామంది.

నెగ్గాను. ఇల్లు నాది, ఓదెలు నావాడు. సంతోషంగా ఉండాలి, ఉన్నాను కూడా. కానీ రెండు రోజులుగా కూర్చోలేకపోతున్నాను. ఇవాళ ఓదెలునూ డాక్టరమ్మనూ వెంటబెట్టుకుని పైకి వెళ్లాను.

కనుకవ్వకు అంతా చెప్పాను. నోటితోనే చెప్పాను. ఎర్ర దీపం, మాస్కు, దమ్ము. తనకు బలం చాలక కాదనీ, మిల్లు నేర్పిన పద్ధతే తనను పడగొట్టిందనీ. కోరినవాళ్లకు మళ్లీ పరీక్ష పెడతామని ఆఫీసరు ఒప్పుకున్నాడనీ. సగం బరువుండే అంతస్తులో మొదలుపెడదాం, ఎంత దాకా దిగగలరో ఇప్పుడే మాట ఇవ్వలేను అని డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

కనుకవ్వ ముఖం తిప్పుకుంది. తన కాళ్లు చూపించింది. 'అయిపాయె' అని చేయి విసిరింది. మళ్లీ విసిరింది. 'పోండ్రి.' ఆ విసరడంలో ఆమె దమ్ము పట్టే ఉంది. గొంతు దగ్గర నరాలు తేలాయి, పెదవులు నీలంగా ఉన్నాయి.

ఆమె చేతులు రెండూ పట్టేసుకున్నాను. లాక్కోబోయింది. వదల్లేదు. గింజుకుంది. నా కంటే పెద్దది, నా గంప సగం మోసింది, ఆమె మీద బలం చూపడం నాకు సిగ్గుగానే ఉంది. అయినా వదల్లేదు. సైగకు చేతులు లేక ఆమెకు వేరే దారి దొరకలేదు. నోరు తెరిచింది.

"ఏడాది" అంది. గొంతు తుప్పు పట్టినట్టుంది. "ఏడాదే శంకరీ. నా కాళ్లు పొయ్యేదాంక ఏం జేసిన్రే మీరంతా?"

"నాకూ మొన్ననే ఎర్కైందక్కా."

"మొన్న ఎర్కైతే నాకేంది? నేను పడ్డనాడు ఒక్కరన్న అడిగిన్రా? నువ్వన్న అడిగినవా?"

ఆమె ఏడుస్తూ అంది, అరుస్తూ అంది, మిల్లును అంది, ఆఫీసరును అంది, అందరికంటే ఎక్కువ నన్ను అంది. ప్రతి మాటకూ ఊపిరి బయటికి వచ్చింది, మళ్లీ లోపలికి పోయింది. డాక్టరమ్మ నిశ్శబ్దంగా ఆమె వేలికి క్లిప్పు పెట్టింది. ఓదెలు వెనకనుంచి ఆమె నడుము పట్టీ విప్పి, తన కాళ్లు గోడ కడ్డీలో బిగించి, ఆమె అరికాళ్లు నేలకు ఆనేలా భుజాల మీద చేతులుంచి మెల్లగా కిందికి నొక్కాడు. నొక్కిన బరువుకు మోకాళ్లు వణుకుతూ వంగాయి.

ఆమె మాట ఆగబోయింది.

"ఆపకు అక్కా" అన్నాను. "ఇంకా తిట్టు."